సర్వీసు చేసింది ఆమే

"మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం ఉంది. ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా కార్డు ఒకటే. హైదరాబాదులో ఆస్పత్రులకు కొదవా? అయినా సైన్యంలో పనిచేసి దిగిన ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారని? వాళ్ళకు మళ్ళీ విడిగా ఏం కావాలి?"

మహిళా మాజీ సైనికుల వైద్యం గురించి ఎక్కడ మాటెత్తినా ఎదురయ్యే జవాబు ఇది. ఇలా అనేవాళ్ళు సైన్యమంటే గిట్టనివాళ్ళేం కారు. వీళ్ళలో చాలామంది సైన్యంలో చేసి వచ్చినవాళ్ళే. మహిళా దినోత్సవం నాడు వేదికెక్కి నారీశక్తిని పొగిడేవాళ్ళే. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ వివరాలు చెప్పడానికి కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ దేశం ముందుకొచ్చినప్పుడు గర్వంగా చప్పట్లు కొట్టినవాళ్ళే. వాదన కూడా పైకి సబబుగానే ఉంటుంది. కార్డులో తేడా లేదు, కట్టే చందాలో తేడా లేదు, వెళ్ళగలిగే ఆస్పత్రుల జాబితాలో తేడా లేదు. తేడాయే లేనిచోట అన్యాయం ఎక్కడిదంటారు.

సరిగ్గా అక్కడే ఉందంటాను. మగవాడి ఒంటిని, మగవాడి ఉద్యోగకాలాన్ని, మగవాడి కుటుంబాన్ని లెక్కలో పెట్టుకుని కట్టిన వ్యవస్థలోకి ఆడవాళ్ళను చేర్చుకుని "మీకూ అదే ఇచ్చాం కదా" అంటే సమానత్వం అయిపోదు. ఆమె చేసిన సర్వీసు ఆమె ఒంటిమీద ఏం ముద్ర వేసిందో చూడగలిగిన వైద్యం అందినప్పుడే ఆ కార్డుకు విలువ.

ఈ సంగతి చిక్కడపల్లి వైపు నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. జంటనగరాల్లో మాజీ సైనికులనగానే సైనిక్‌పురి గుర్తొస్తుంది. తిరుమలగిరి, బొల్లారం గుర్తొస్తాయి. అక్కడ గేటు మీద పేరుతో పాటు హోదా ఉంటుంది. ఎవరు ఏ రెజిమెంటో వీధివాళ్ళకు తెలుసు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడల తీరు వేరు. ఇవి రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ప్రభుత్వ గుమాస్తాలు ఫ్లాట్లు కొనుక్కుని స్థిరపడ్డ పేటలు. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో మేజరుగా దిగిన ఆవిడ ఇలాంటి పేటలో ఉంటే, పక్క ఫ్లాటువాళ్ళకు ఆమె "నర్సుగా చేసిన ఆంటీ". ఆమెకు హోదా ఉందని, యూనిఫాం వేసుకుందని, సరిహద్దు ఊళ్ళ ఆస్పత్రుల్లో రాత్రుళ్ళు గడిపిందని ఎవరికీ తోచదు.

అదే వీధుల్లో, సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల, అశోక్‌నగర్ హాస్టళ్ళలో పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలున్నారు. నారాయణగూడలో 1954 నుంచీ రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి మహిళా కళాశాల ఉంది. ఇక్కడ పుస్తకాలు పట్టుకుని తిరిగే పిల్లల్లో రేపు యూనిఫాం వేసుకునేవాళ్ళు ఉంటారు. సైన్యంలో చేరమని వాళ్ళను పిలవడానికి ప్రకటనలకు లోటు లేదు. ఇరవై, ముప్ఫై ఏళ్ళ తర్వాత మోకాళ్ళ నొప్పితో, కుంగిన మనసుతో వాళ్ళు తిరిగొస్తే ఎవరు చూస్తారన్నది ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఇక వాదనల్లోకి వద్దాం.

మొదటిది సంఖ్య. "పిడికెడు మంది" అంటారు. ఆ పిడికెడు ఎందుకైందో చెప్పకుండా ఆ మాట వాడటం దబాయింపు. 1992 దాకా మన సైన్యంలో డాక్టర్లుగా, డెంటిస్టులుగా, నర్సులుగా తప్ప అధికారులుగా ఆడవాళ్ళకు చోటు లేదు. ఆ ఏడాది తెరిచిన తలుపు కూడా మొదట అయిదేళ్ళకే. తర్వాత పదేళ్ళకు, ఆపైన పద్నాలుగేళ్ళకు పెంచారు. అధికారికి పెన్షన్ రావాలంటే ఇరవై ఏళ్ళ సర్వీసు ఉండాలి. లోపలికి రానిచ్చారు గానీ పెన్షన్ గీతను తాకనివ్వలేదన్న మాట. చాలా శాఖల్లో పర్మనెంట్ కమిషన్ హక్కు దక్కడానికి 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావలసి వచ్చింది. పెన్షన్ లేకుండా దిగిన షార్ట్ సర్వీస్ అధికారులకు ఈసీహెచ్‌ఎస్ తలుపు తెరిచింది 2019లో. పథకమేమో 2003 ఏప్రిల్ 1న మొదలైంది. మధ్యలోని పదహారేళ్ళు వాళ్ళ జబ్బులు వాళ్ళవే.

నర్సింగ్ సర్వీసు కథ ఇంకా పాతది, ఇంకా చేదుది. 1888లో బొంబాయిలో దిగిన బ్రిటిష్ నర్సులతో దానికి బీజం పడింది. 1926 అక్టోబరు 1 దాని రైజింగ్ డే. 1943 ఆర్డినెన్సుతో ఆ నర్సులు కమిషన్డ్ అధికారులయ్యారు. అయినా 1977 నాటి ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్ 61 ప్రకారం పెళ్ళి చేసుకున్న నర్సింగ్ అధికారిణిని కొలువులోంచి తీసేసే వీలుండేది. ఇదెక్కడో జరిగిన కథనుకోకండి. సెలీనా జాన్ 1985లో లెఫ్టినెంటుగా కమిషన్ అందుకున్నది మన సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌లోనే. 1988లో ఆమె ఒక సైనికాధికారినే పెళ్ళి చేసుకుంది. అదే ఏడాది ఆమెను ఇంటికి పంపించారు. ఆ నిబంధనను 1995లో ఎత్తేశారు. ఆమెకు మాత్రం 2024 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు అరవై లక్షల రూపాయల పరిహారం ఇమ్మనేదాకా న్యాయం ముగింపుకు రాలేదు. ముప్ఫై ఆరేళ్ళు పట్టింది. అలాంటి నిబంధనకింద కొలువు పోయి, కోర్టు మెట్లెక్కే ఓపికా డబ్బూ లేక ఊరుకున్నవాళ్ళకు పెన్షనూ లేదు, పెన్షన్‌తో ముడిపడ్డ వైద్యమూ లేదు. పెళ్ళయిందని బయటికి పంపి, మిగిలినవాళ్ళను లెక్కపెట్టి, మీరు తక్కువమందే కదా అనడానికి ఎంత ధైర్యం ఉండాలి!

పైగా ఈ "తక్కువ" ఎంతోకాలం ఉండేది కాదు. 2023లో పార్లమెంటుకు ఇచ్చిన వివరాల ప్రకారం సైన్యంలో ఏడు వేలకు దగ్గరగా మహిళా అధికారులున్నారు. అందులో సగానికి పైగా నర్సింగ్ సర్వీసువాళ్ళే. 1992లో చేరిన తొలి బ్యాచ్‌వాళ్ళు ఇప్పుడు యాభైల్లో నడుస్తున్నారు. ఎముకలు, గర్భాశయం, రొమ్ము, గుండె అన్నీ పరీక్షలు కోరే వయసది. 2021లో మిలిటరీ పోలీసు కోర్‌లో మహిళా జవాన్ల తొలి బ్యాచ్ శిక్షణ ముగించుకుంది. 2025 మేలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి తొలి మహిళా బ్యాచ్ బయటికొచ్చింది. మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనే 2016 జూన్‌లో తొలి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురు కమిషన్ అందుకున్నారు. వీళ్ళందరూ ఏదో ఒకనాడు మాజీలవుతారు. అప్పటికి సిద్ధంగా ఉండాలంటే పని ఇవాళ మొదలవ్వాలి. నిజంగానే తక్కువమంది ఉన్నారంటారా, మంచిదే. ఖర్చూ తక్కువే. ఇక అభ్యంతరం దేనికి?

రెండో వాదన: "కార్డు అందరికీ ఒకటే." అవును. చందా కూడా ఒకటే. అధికారి హోదాలో దిగి ఈసీహెచ్‌ఎస్‌లో చేరే మహిళ కట్టే 1,20,000 రూపాయలు, మగ అధికారి కట్టే మొత్తం ఒక్కటే. కట్టింది సమానమైతే అందేదీ సమానంగా ఉండాలి కదా? సమానమంటే ఇద్దరికీ ఒకే కొలత పెట్టడమా అన్నదానికి సుప్రీంకోర్టు జవాబు చెప్పేసింది. బబితా పునియా తీర్పు తర్వాత పర్మనెంట్ కమిషన్‌కు మహిళలను పరీక్షించేటప్పుడు సైన్యం అందరికీ వాడే షేప్-1 వైద్య ప్రమాణాన్నే వాడింది. కొలత ఒకటే, ఫారం ఒకటే. కాకపోతే మగ అధికారులు ఆ పరీక్ష ఎదుర్కొనేది సర్వీసు అయిదో ఏటో పదో ఏటో. ఈ మహిళలేమో హక్కు కోసం కోర్టుల్లో తిరుగుతూ నలభైల్లోకి, యాభైల్లోకి వచ్చేశారు. పాతికేళ్ళ కుర్రాడి ఒంటికి పెట్టిన కొలత పిల్లల్ని కని, పెంచి, వయసు మళ్ళుతున్న ఒంటికి పెట్టారు. 2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితీష కేసులో సుప్రీంకోర్టు దీన్ని పరోక్ష వివక్ష అంది. పైకి తటస్థంగా ఉన్న నియమం ఒక వర్గాన్ని మాత్రమే దెబ్బతీస్తే అది వివక్షేనని తేల్చింది. సర్వీసులో ఉన్నవాళ్ళ విషయంలో కోర్టు చెప్పిన ఈ నీతి సర్వీసు దిగినవాళ్ళ వైద్యానికి వర్తించదని ఎవరైనా అనగలరా?

ఈసీహెచ్‌ఎస్ పాలిక్లినిక్‌లలో గైనకాలజిస్టు పోస్టులున్నాయి, మహిళా అటెండెంట్లు ఉన్నారు అని గుర్తుచేస్తారు. ఉన్నాయి, కాంట్రాక్టు మీద నింపే పోస్టులు. అయితే ఆ ఏర్పాటు ఎవరిని తలచుకుని చేసింది? జవాను భార్యను, అధికారి భార్యను, సైనిక వితంతువును. వాళ్ళకు ఆ వైద్యం అందవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఓపీలోకి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఎవరో ఒకరి తాలూకే అనుకునే అలవాటు అక్కడి నుంచే వస్తుంది. "సార్ సర్వీసు ఎక్కడమ్మా?" అన్న ప్రశ్న మర్యాదగానే వస్తుంది. "సార్ కాదు, నేనే" అని ఆమె చెప్పుకోవాలి. చెప్పుకున్నాక అవతలివాళ్ళు నవ్వి, "అవునా మేడమ్" అని కార్డు తీసుకుంటారు. ఆ సర్వీసులో ఏం చేశారు, ఎక్కడ చేశారు, ఒంటికేమైంది అన్న తర్వాతి ప్రశ్న మాత్రం రాదు. రావలసింది ఆ ప్రశ్నే.

ఆ మాటకొస్తే నర్సింగ్ సర్వీసులో చేసినవాళ్ళు మాజీ సైనికులేనా అన్న వివాదం సుప్రీంకోర్టుదాకా పోయింది. పంజాబ్ ప్రభుత్వోద్యోగాల్లో మాజీ సైనికుల కోటా గురించిన కేసు అది. అవును, వాళ్ళూ మాజీ సైనికులేనని కోర్టు చెప్పింది 2025లో. రైజింగ్ డే జరుపుకుంటూ వందేళ్ళకు దగ్గరపడ్డ సర్వీసు గతి ఇది. అశోక్‌నగర్‌లో కోటాల లెక్కలు కంఠస్థం చేసే పిల్లలకు ఈ తీర్పు విలువ వెంటనే అర్థమవుతుంది. ఉద్యోగం దగ్గర గుర్తింపుకే ఇంత పోరాటం అవసరమైతే, డాక్టరు గదిలో గుర్తింపు దానంతటదే వస్తుందనుకోవడం అమాయకత్వం.

మూడో వాదన కొంచెం గొంతు తగ్గించి అనేది: "వాళ్ళేమన్నా యుద్ధం చేశారా? నర్సింగూ, ఆఫీసు పనీ." తూటా దెబ్బ ఒక్కటే గాయమనుకునేవాళ్ళ మాట ఇది. రాత్రి డ్యూటీ సంగతే చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, రాత్రి షిఫ్టు పని క్యాన్సర్‌కు బహుశా కారకమని 2007లో వర్గీకరించింది, 2019లో మళ్ళీ చూసి అదే మాట నిలబెట్టింది. అక్కడ ముఖ్యంగా చర్చకొచ్చినవాటిలో రొమ్ము క్యాన్సర్ ఒకటి. పాతికేళ్ళు వార్డుల్లో రాత్రుళ్ళు కాపలా కాసిన సైనిక నర్సుకు మామోగ్రామ్ విషయంలో డాక్టరు తనంతట తాను శ్రద్ధ పెట్టాలా వద్దా? స్పృహలేని జవాన్లను మంచం మీద తిప్పీ, స్ట్రెచర్ ఎక్కించీ అరిగిన నడుముకు "వయసమ్మా" అన్న మాట చాలా?

శిక్షణ సంగతి చూడండి. కవాతుల్లో, బరువులు మోస్తూ పరుగెత్తే శిక్షణలో ఆడవాళ్ళకు ఎముకలు సన్నగా చిట్లడం మగవాళ్ళకంటే ఎక్కువని అనేక దేశాల సైన్యాల అనుభవం. బ్రిటిష్ వాయుసేనలో మగవాళ్ళ అడుగుకు అడుగు కలిపి నడవాలని మహిళా ట్రైనీలను కవాతు చేయిస్తే కొందరికి కటి ఎముకలు చిట్లాయి. వాళ్ళకు పెద్ద మొత్తంలో పరిహారం దక్కిందని 2013లో వార్తలొచ్చాయి. అక్కడా అందరికీ ఒకే అడుగన్నదే నియమం. ఇరవై రెండేళ్ళకు చిట్లిన ఎముక అప్పటికి అతుక్కుంటుంది. యాభై దాటి, నెలసరి ఆగి, ఎముక పలచబడ్డాక ఆ పాత గాయం గురించి తెలిసిన డాక్టరు వేరేలా ఆలోచిస్తాడు. తెలియని డాక్టరు కాల్షియం మాత్రలు రాసి పంపిస్తాడు.

నీళ్ళ సంగతి ఇంకోటి. మరుగు లేని ఫీల్డు ప్రాంతంలో, మగవాళ్ళతో నిండిన కాన్వాయ్‌లో గంటల తరబడి వెళ్ళే ఆడమనిషి చేసే మొదటి పని నీళ్ళు తాగడం మానేయడం. మూత్రకోశ ఇన్‌ఫెక్షన్లకు, రాళ్ళకు అదే దారి. ఇది సైన్యంలో పుట్టిన సమస్య అని ఎవరూ అనడం లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బస్సు దిగే మహిళా కండక్టర్లను అడగండి, బందోబస్తు డ్యూటీ చేసే మహిళా కానిస్టేబుళ్ళను అడగండి, ఇదే చెబుతారు. ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బును ఉద్యోగం వల్ల వచ్చినదిగా గుర్తించడమే వైద్యంలో మొదటి మెట్టు.

మనసుకు తగిలిన గాయాలూ ఉన్నాయి. వందమంది మగవాళ్ళ మధ్య ఒక్కతిగా పనిచేసిన ఒత్తిడి, పిల్లల్ని దూరంగా వదిలి బదిలీల మీద తిరిగిన బెంగ, వేధింపు ఎదురైతే చెప్పలేక మింగిన కోపం. అమెరికాలో మాజీ సైనికుల వైద్య విభాగం, సర్వీసులో లైంగిక హింస ఎదురైందా అని తన దగ్గరికొచ్చే ప్రతి మాజీ సైనికుణ్ణీ, మాజీ సైనికురాలినీ అడుగుతుంది. చెప్పడం చెప్పకపోవడం వాళ్ళిష్టం. అడగడం మాత్రం వ్యవస్థ బాధ్యత. మన దగ్గర 2023 డిసెంబరులో పుణె సాయుధ దళాల వైద్య కళాశాలలో సైనికుల కోసం, ఫోనులో మానసిక సాయం అందించే ప్రత్యేక టెలి-మానస్ విభాగం పెట్టారు. మంచి పని. అయితే ఫోను చేసేదాకా మనిషిని తీసుకురావాలంటే ముందు ఓపీ గదిలో ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి.

నాలుగో వాదన మన ఊరిది: "హైదరాబాదులో ఆస్పత్రులకేం తక్కువ?" నిజమే. నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్ దాకా నడిస్తే క్లినిక్‌లు, డయాగ్నొస్టిక్ సెంటర్ల బోర్డులు చదవడానికే పూట పడుతుంది. ఇక్కడే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. కాస్త ముందుకెళ్తే గాంధీ ఆస్పత్రి. కానీ ఈసీహెచ్‌ఎస్‌లో మామూలుగా దారి పాలిక్లినిక్ మీదుగా పోతుంది. అక్కడి డాక్టరు రిఫరల్ రాస్తేనే ప్రైవేటు ఆస్పత్రిలో నగదు లేని వైద్యం. అత్యవసరంలాంటి కొన్ని మినహాయింపుల్లో తప్ప నేరుగా పోలేం. ఎదురుగా వంద ఆస్పత్రులున్నా, ఆమె కథ విని సరైన చోటికి పంపే మొదటి డాక్టరు సరిగా లేకపోతే ఆ వంద వల్ల ప్రయోజనం లేదు.

ప్రయోజనం లేకపోవడమే కాదు, ప్రమాదం కూడా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. రుతుస్రావం ఎక్కువైందంటే, పొత్తికడుపులో నొప్పంటే "తీసేద్దామమ్మా, పీడ పోతుంది" అనే వైద్యసంస్కృతి మనది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి రాష్ట్రంలో ఒక మాజీ సైనికురాలి చేతిలో నగదు లేని కార్డు పెట్టి, ఆమె చరిత్ర తెలిసిన డాక్టరునెవరినీ వెంట ఉంచకుండా మార్కెట్లోకి పంపడం రక్షణ అవుతుందా? 2019-21 సర్వేలో తెలంగాణ మహిళల్లో నూటికి 57.6 మందికి రక్తహీనత. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఆ లెక్కలోంచి ఎవరూ బయటపడరు. ఆస్పత్రుల సంఖ్య వైద్యానికి కొలమానమైతే మన రాష్ట్రంలో ఈ అంకెలు ఇలా ఉండేవి కావు.

దూరం సంగతీ చెప్పాలి. 2020 ఫిబ్రవరి నుంచి చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్ల మీదుగా జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌కు మెట్రో పోతోంది. బాగుంది. అక్కడ దిగాక తిరుమలగిరి మిలిటరీ హాస్పిటల్‌కు మళ్ళీ బస్సో ఆటోనో వెతుక్కోవాలి. డెబ్భై దాటిన, పెళ్ళి చేసుకోని, వెంట వచ్చే మనిషి లేని విశ్రాంత నర్సింగ్ అధికారిణికి ఇదొక రోజంతా పట్టే యాత్ర. పెళ్ళా ఉద్యోగమా తేల్చుకోమన్న నిబంధన ఉన్న రోజుల్లో ఉద్యోగాన్నే ఎంచుకున్నవాళ్ళకు ఇవాళ ఒంటరి వార్ధక్యం మిగిలి ఉంటే, ఆ ఒంటరితనంలో ప్రభుత్వానికీ వాటా ఉంది. మగ మాజీ సైనికుడి వెంట ఫైలు పట్టుకుని భార్య వస్తుందన్న ఊహ మీద నడిచే ఏర్పాటు ఈమెకు పనికిరాదు.

అయిదో వాదన కొత్తది, తెలివైనది: "సైనిక వైద్యం పగ్గాలు ఆడవాళ్ళ చేతికే వచ్చాయి కదా." 2024 ఆగస్టులో లెఫ్టినెంట్ జనరల్ సాధనా నాయర్ సైన్యం వైద్య సేవల డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ అక్టోబరులో సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్ మొత్తం సాయుధ దళాల వైద్య సేవలకే అధిపతి అయ్యారు. తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ ఎయిర్ మార్షల్ అయిన తొలి మహిళ. గర్వించవలసిన విషయాలే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. చిక్కల్లా ఈ పంక్తి వేరు, ఆ వడ్డన వేరు. సాయుధ దళాల వైద్య సేవలు ప్రధానంగా సర్వీసులో ఉన్నవాళ్ళను చూస్తాయి. ఈసీహెచ్‌ఎస్ మాజీ సైనికుల సంక్షేమ విభాగం కింద నడిచే వేరే వ్యవస్థ. పై కుర్చీలో మహిళ ఉండటం గొప్ప సంగతి. కింది కౌంటర్ దగ్గర ఫారంలో ఒక గడి చేర్చడం అంతకంటే అవసరమైన సంగతి. మొదటిది జరిగిందని రెండోది వాయిదా వేయడం కుదరదు.

ఆఖరి అభ్యంతరాన్ని గౌరవిస్తాను, ఎందుకంటే అది పేదల పక్షాన నిలబడి అడిగేది. "గాంధీలో గచ్చు మీద పడుకునే ఆడవాళ్ళకే దిక్కులేదు. పెన్షనూ కార్డూ ఉన్నవాళ్ళ గురించి ఇంత ఆరాటమెందుకు?" అందరికీ మంచి వైద్యం కావాలన్న మాట నూరుపాళ్ళు నిజం. అయితే ఆ మాటను ఒకరికి రావలసింది ఆపడానికి వాడితే ఇద్దరికీ దక్కదు. మహిళల ఒంటిమీద ఉద్యోగం వేసే ముద్రను చదవడం ఒక ప్రభుత్వ వ్యవస్థ నేర్చుకుంటే ఆ విద్య అక్కడే ఆగదు. పోలీసు ఆస్పత్రికి, తార్నాక ఆర్టీసీ ఆస్పత్రికి, గాంధీలో రాత్రి డ్యూటీ చేసే నర్సులకు పాకుతుంది. పైగా పెన్షనూ కార్డూ అందరికీ ఉన్నాయని ఎవరన్నారు? అగ్నివీరులుగా చేరిన ఆడపిల్లల సంగతి చూడండి. 2023 మార్చిలో ఐఎన్ఎస్ చిల్కా నుంచి బయటికొచ్చిన నావికాదళ తొలి బ్యాచ్‌లో రెండువందల డెబ్భై మందికి పైగా ఆడపిల్లలున్నారు. నాలుగేళ్ళు నిండాక నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు. దిగిపోయినవాళ్ళకు సేవానిధి డబ్బు వస్తుంది. పెన్షన్ లేదు, మాజీ సైనికుల హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. ఇరవై రెండేళ్ళకు చిట్లిన ఎముకతో ఇంటికొచ్చే ఆ పిల్ల చూపించుకోవడానికి గాంధీకే వస్తుంది. పేదల పక్షం మాట్లాడేవారు ఆమెను ఏ పక్షాన చేరుస్తారు?

ఇక చేయవలసినవేమిటి? ఆకాశంలో చుక్కలు కోయమని ఎవరూ అడగడం లేదు.

ముందు లెక్క. ఈసీహెచ్‌ఎస్ లబ్ధిదారుల్లో తాము సర్వీసు చేసిన మహిళలెందరు, కుటుంబ సభ్యులుగా ఉన్నవాళ్ళెందరు అన్నది విడదీసి, ఏటా పాలిక్లినిక్‌వారీగా ప్రకటించాలి. రెండోది ఓపీ చీటీ మీద నాలుగు ప్రశ్నలు: మీరే సర్వీసు చేశారా, ఏ శాఖలో, ఎలాంటి చోట, ఒంటికి ఏమైంది. మూడోది, సర్వీసు దిగేటప్పుడు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డులో మహిళల విషయంలో కాన్పులు, గర్భస్రావాలు, ఎముకలు చిట్లిన పాత గాయాలు, రాత్రి డ్యూటీ కాలం తప్పనిసరిగా నమోదు చేసి, ఆ కాగితం ఆమె వెంట పాలిక్లినిక్‌కు వచ్చేలా చూడాలి. రేపు వైకల్య పెన్షన్ అడగాల్సి వస్తే ఆమె చేతిలో ఉండే ఆధారం అదే.

నాలుగోది, జంటనగరాల పాలిక్లినిక్‌లలో కనీసం ఒకచోట మహిళా మాజీ సైనికుల ఆరోగ్యంలో శిక్షణ పొందిన ఒక డాక్టరుకు వాళ్ళ బాధ్యత అప్పగించాలి. ఆ డాక్టరు మారితే చరిత్ర మారకూడదు. అమెరికా 1992లోనే చట్టం చేసి మొదలుపెట్టి, 2021 జనవరిలో డెబోరా శాంప్సన్ చట్టంతో ఇంకా విస్తరించిన పని ఇది. అక్కడి మాజీ సైనికుల వైద్య కేంద్రాల్లో మహిళల వ్యవహారాలు చూడటానికే ఒక మేనేజరు ఉంటారు. మనకంత హంగు అక్కర్లేదు. 2021లో రక్షణ శాఖ మొదలుపెట్టిన సెహత్ ఆన్‌లైన్ ఓపీ చేతిలోనే ఉంది. వారంలో కొన్ని గంటలు మహిళా డాక్టర్లను ఈ పనికి కేటాయిస్తే తిరుమలగిరి దాకా రాలేని వృద్ధురాలు చిక్కడపల్లిలో కూర్చునే మాట్లాడుకోగలదు. అయిదోది, గర్భసంచి తీసే ఆపరేషన్‌కు రిఫరల్ రాసేముందు రెండో డాక్టరు అభిప్రాయం తప్పనిసరి చేయాలి. ఆరోది, పెళ్ళి నిబంధన కింద కొలువు పోగొట్టుకున్నవాళ్ళను వెతికి, కోర్టుకు వెళ్ళారా లేదా అని చూడకుండా వైద్యం ఇవ్వాలి. సర్వీసు వల్ల జబ్బుపడ్డ అగ్నివీరులకు, ఆడామగా తేడా లేకుండా, ఆ జబ్బు నయమయ్యేదాకా వైద్యం ఇవ్వాలి. రాష్ట్ర సైనిక్ సంక్షేమ శాఖ ఈ వెతికే పనిని తన మీద వేసుకోవచ్చు. ఇన్ని పేటల్లో ఎవరికీ తెలియకుండా బతుకుతున్నవాళ్ళ దగ్గరికి పోగలిగేది జిల్లా కార్యాలయమే.

వీటిలో కొత్త భవనం అడిగేది ఒక్కటీ లేదు. కొత్త చట్టం కావలసినవీ దాదాపు లేవు. అందుకే "విడిగా ఏం కావాలి" అన్న ప్రశ్నకు డబ్బు లేదన్న సాకు కూడా సరిపోదు. ఆ ప్రశ్న వెనక ఉన్నది, ఆమెను సైనికురాలిగా ఊహించుకోలేకపోవడం. ఊహించుకోవడం చేతకాకపోతే కనీసం లెక్కపెట్టండి. లెక్క బయటికొచ్చాక కూడా వీళ్ళకు ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదని తేలితే నా వాదన వెనక్కి తీసుకుంటాను. అంతవరకూ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో మార్చి 8న శాలువా కప్పే పెద్దలకు ఒకటే మనవి. సన్మానం అందుకున్న ఆమెను, ఎక్కడ చేశారమ్మా, ఒంట్లో ఎలా ఉంది అని అడగండి. ఆమె చెప్పినది రాసుకుని, మర్నాడు ఆ కాగితంతో రక్షణ శాఖకు అర్జీ పెట్టండి.